డాన్యూబ్ నదికి వారశూల

మా కాల్గరీ తెలుగువాళ్లలో చాలామందికి నా భార్య పేరు తెలియదు. "వారశూల ఆంటీ" అంటే మాత్రం వెంటనే గుర్తుపడతారు. ఆ పేరు రావడానికి కారణం నేను. ఆ సంగతి ఒప్పుకోవడానికి నాకు ఏడాది పట్టింది. తీరా మైకు ముందు నిలబడి ఒప్పుకుంటే జనం ఈలలు వేసి, ఇంకోటి చెప్పమన్నారు. అందుకే ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను. చదివి నవ్వేవాళ్లు నవ్వవచ్చు. ఈల మాత్రం నాకు వినబడదు.

వారశూల సంగతి ఈ తరంలో కొందరికి తెలియకపోవచ్చు. ఏ వారం ఏ దిక్కుకు ప్రయాణం చేయకూడదో చెప్పే లెక్క అది. సోమ, శనివారాలు తూర్పుకు పనికిరావు. మంగళ, బుధవారాలు ఉత్తరానికి, గురువారం దక్షిణానికి, శుక్ర, ఆదివారాలు పడమరకు పనికిరావు. అంతే. ఇంతకుమించి అందులో శాస్త్రం ఏమీ లేదు. ఆ మాట నేనే పదిమందిలో చాలాసార్లు అన్నాను. చమురు కంపెనీలకు సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులు నడిపేవాణ్ని. ఉగాదికి పంచాంగ శ్రవణం జరుగుతుంటే వెనక వరసలో కూర్చుని, "గ్రహాలకి మన పోస్టల్ కోడ్ ఎవరిచ్చారండీ?" అని పక్కవాణ్ని నవ్వించే బాపతు.

నా భార్య విజయనగరం జిల్లాలో ఒక హైస్కూల్లో పదిహేడేళ్లు సోషల్ టీచరుగా పనిచేసింది. నేను మొదట అమెరికాలోనూ తర్వాత కెనడాలోనూ వీసాలు మార్చుకుంటూ తిరుగుతున్నంత కాలం ఆమె అక్కడే ఉండి పాఠాలు చెప్పుకుంది, మా అమ్మాయిని పెంచింది. చివరికి నా మాట మీద ఆ ఉద్యోగం వదిలేసి ఇక్కడికి వచ్చింది. ఇక్కడ ఆమె బీఎడ్ ఎవరికీ అక్కరలేదు. ఒక కాలేజీ క్యాంటీన్‌లో కాఫీ కౌంటర్ పని దొరికింది. నేను అందరితో "మా ఆవిడ కాలేజీలో చేస్తోంది" అనేవాణ్ని. ఏ సబ్జెక్టు అని ఎవరైనా అడిగితే వాతావరణం గురించి మొదలుపెట్టేవాణ్ని. కాల్గరీలో వాతావరణం గురించి ఎంతసేపైనా మాట్లాడవచ్చు.

నేను కెనడా పౌరసత్వం తీసుకున్నాను. ఆమె తీసుకోలేదు. ఎందుకంటే, "ఉద్యోగం వదిలేశాను కదండీ. ఒక మనిషి ఎన్నని వదుల్తాది?" అంది. నేను నవ్వేసి ఊరుకున్నాను. దాని ఫలితం ఏమిటంటే, ఐరోపా వెళ్లాలంటే నాకు వీసా అక్కరలేదు, ఆమెకు కావాలి. ఈ చిన్న తేడా గుర్తుపెట్టుకోండి.

మా అమ్మాయి వాటర్లూ యూనివర్సిటీలో చదువుకోవడానికి వెళ్లిపోయాక ఇల్లు బోసిపోయింది. బేస్‌మెంటు ఒక స్టూడెంటుకి ఇచ్చాం. ఆ ఏళ్లలో కాల్గరీలో గది ఖాళీగా ఉందని నోరు జారితే చాలు, సాయంత్రానికి నలభై మెసేజీలు వచ్చేవి. దిగిన ప్రతి విమానంలోంచీ రెండు పెద్ద సూట్‌కేసులు, ఒక ప్రెషర్ కుక్కర్, వాటి వెనక ఒక పిల్లో పిల్లాడో బయటికొచ్చేవాళ్లు. మా బేస్‌మెంటులోకి వచ్చింది కరీంనగర్ వైపు అమ్మాయి. మా ఆవిడ పనిచేసే కాలేజీలోనే చదువుతోంది.

ఇల్లు బోసిపోయిన ఆ మొదటి చలికాలంలోనే ఒక ఆదివారం పొద్దున నా భార్య ఒక కాగితం తెచ్చి నా ముందు పెట్టింది. మా అమ్మాయి పాత నోటుబుక్కులో చింపిన కాగితం. దాని మీద పెన్సిలుతో ఒక నది గీసి ఉంది.

"డాన్యూబ్," అంది. "పుట్టిన చోటు నుంచి బుడాపెస్ట్ దాకా. నాలుగు దేశాలు. ఒడ్డమ్మటే రోడ్డుంది. కారు అద్దెకి తీసుకుందాం. రెండు వారాలు చాలు."

"రైను నది ఉంది, ఆల్ప్స్ ఉన్నాయి. ఇదే ఎందుకు?"

"పదిహేడేళ్లు బోర్డు మీద గీశానండీ. నీళ్లు ఎలాగుంటాయో చూళ్లేదు." తర్వాత కాగితం మీద ఒకచోట వేలు పెట్టింది. "ఇక్కడ చూడండి. అంతదూరం తూర్పుకి పోయిన నది బుడాపెస్ట్‌కి ముందు ఒక్కసారే దక్షిణానికి తిరుగుతాది. పిల్లలందరూ దాన్ని గుండ్రంగా గీసీవోరు. 'కాదర్రా, మోచెయ్యిలాగ ఉంటాది' అని ప్రతి ఏడూ దిద్దాను. నిజంగా మోచెయ్యిలాగే ఉంటాదో లేదో ఒక్కసారి చూడాలి. పొరపాటైతే పదిహేడు బ్యాచీలకి తప్పు చెప్పినట్టే కదా."

ఆమె అడిగింది ఇంతే. ఒక నది, అందులో ఒక మలుపు.

నేను ఆ కాగితం ఫోటో తీసి, ఆమె ప్లాను ప్రకారమే హోటళ్లు బుక్ చేశాను. అన్నీ ఎప్పుడైనా ఉచితంగా క్యాన్సిల్ చేసుకునేవే. నది ఎక్కువ భాగం జర్మనీలో కనుక రాత్రులూ అక్కడే ఎక్కువ. ఏ దేశంలో ఎక్కువ రాత్రులుంటే ఆ దేశం దగ్గరే వీసాకి అప్లై చేయాలని నియమం. నా భార్య అలాగే చేసింది. వేలిముద్రలిచ్చి, పాస్‌పోర్టు ఇచ్చి, ఇంటికొచ్చి అట్లాసు ముందేసుకుంది. ఇక్కడితో ఆగి ఉంటే ఈ కథ రాసే అవసరం ఉండేది కాదు.

కానీ నేను ఎక్సెల్ షీటు తెరిచాను.

ప్రాజెక్టులు నడిపేవాడికి కాగితం మీద పెన్సిలు గీత ఆనదు. తేదీ, బయల్దేరే ఊరు, చేరే ఊరు, కిలోమీటర్లు, అన్నం వండుకునే వీలు, దగ్గర్లో ఇండియన్ స్టోరు, ఇలా పద్నాలుగు నిలువు వరసలు పెట్టాను. పదిహేనోది సన్నగా, పసుపు రంగులో ఉండేది. దాని పైన వి అనే ఇంగ్లీషు అక్షరం ఒక్కటే ఉండేది. ఆ వరసలో నేనొక ఫార్ములా రాశాను. వారం, దిక్కు ఇస్తే చాలు. పడకపోతే గడి ఎర్రబడుతుంది.

అవును. వారశూలకి ఫార్ములా రాసింది నేనే. మా ఆవిడ అడగలేదు, ఎవరూ అడగలేదు.

దీనికో ముందు కథ ఉంది. కొన్నేళ్ల కిందట చమురు ధర పడిపోయి నా ఉద్యోగం పోయింది. నాలుగు నెలలు ఖాళీగా ఉన్నాక ఎడ్మంటన్‌లో ఇంటర్వ్యూ వచ్చింది. ఎడ్మంటన్ మాకు సూటిగా ఉత్తరం. ఆ రోజు మంగళవారం. మధ్యలో రెడ్ డీర్ అనే ఊరు దాటాక, రోడ్డు మీద కంటికి కనబడని మంచు పొర మీద కారు జారి, బొంగరంలా ఒకటిన్నర చుట్లు తిరిగి, పక్కన గుంటలో ఆగింది. నాకు దెబ్బ తగల్లేదు. కానీ ఆగిన కారు మొహం సూటిగా దక్షిణం వైపు ఉంది. ఎవరో తిప్పి ఇంటికి పొమ్మన్నట్టు. టో ట్రక్కు కోసం గంటన్నర కూర్చుని ఆ దక్షిణం వైపే చూస్తూ ఉండిపోయాను. చిన్నప్పుడు మా నాయనమ్మ నోట వినీ విననట్టు విన్న వారాల లెక్క మొత్తం అక్షరం పొల్లుపోకుండా గుర్తొచ్చింది.

ఆ తర్వాత నాకు డౌన్‌టౌన్‌లో ఉద్యోగం వచ్చింది. మా ఇల్లు ఊరికి దక్షిణపు కొసన. అంటే ఆఫీసు ఉత్తరం. కనుక మంగళ, బుధవారాల్లో నేను గ్యారేజీలోంచి కారు తీసి ముందు దక్షిణంగా రెండు వీధులు పోయేవాణ్ని. అక్కడో కాఫీ కొనుక్కుని, చుట్టు తిరిగి పెద్ద రోడ్డెక్కేవాణ్ని. ప్రయాణం దక్షిణానికి మొదలైంది కనుక ఉత్తరపు శూల నాకు తగలదు. ఆరేళ్లు ఇలా చేశాను. అదే ఆరేళ్లలో ఉగాదికి వెనక వరసలో కూర్చుని పోస్టల్ కోడు జోకు కూడా వేశాను. రెంటికీ ఎక్కడా పేచీ రాలేదు.

ఇప్పుడు డాన్యూబ్ సంగతికి వస్తే, అది మొండి నది. తూర్పుకి పోతుంది. సోమవారమూ పోతుంది, శనివారమూ పోతుంది. నా షీటులో రెండు సోమవారాలు, రెండు శనివారాలు ఎర్రగా మండిపోయాయి. ఆ గడులు చల్లార్చడానికి ఒక సోమవారం సాల్జ్‌బర్గ్ నుంచి వెనక్కి, పడమరగా ఇన్స్‌బ్రుక్ పోయేలా మార్చాను. అంత దూరం పోతాం కదా అని ఇటలీ తగిలించాను. ఒక శనివారం వియన్నా నుంచి ఉత్తరంగా ప్రాగ్ పోయేలా పెట్టాను. ఎలాగూ వారాల లెక్క మళ్లీ మొదటికొచ్చింది కనుక ముందు స్విట్జర్లాండు కలిపాను. నాలుగు దేశాలు ఏడయ్యాయి. జర్మనీలో రాత్రులు మూడుకి దిగాయి. కొత్త హోటళ్లు బుక్ చేసినప్పుడల్లా పాతవి క్యాన్సిల్ కొట్టేవాణ్ని. ముప్పై ఒకటో వెర్షనుకి షీటు మొత్తం పచ్చగా కళకళలాడింది.

మాతో రావాల్సిన మరో జంట ఉంది. ఆయన నా ఆఫీసు మిత్రుడు, రాజమండ్రి మనిషి. నన్ను గురూగారూ అని పిలుస్తాడు. షీటు చూసి కళ్లు తిరిగి, "ఏడు దేశాలే! మీరు ఉండాల్సిన చోటు ఇది కాదు గురూగారూ. ఇంతకీ ఈ వి ఏంటండీ?" అన్నాడు.

"వ్యూ," అన్నాను. "దారిలో దృశ్యం బాగుంటే పచ్చ."

నా భార్య కూడా చూసింది. కళ్లజోడు పెట్టుకుని, వేలుతో ఒక్కో వరసా చదువుకుంటూ వచ్చి, రెండో గురువారం దగ్గర ఆగింది.

"మలుపేదండీ?"

మలుపు గురువారం పడింది. గురువారం దక్షిణానికి పోకూడదు. ఆ రోజు ఇంకో దారిలో బుడాపెస్ట్ చేరేలా మార్చి, మలుపు తీసేశాను.

"టైము చాలదు," అన్నాను.

"ఏడు దేశాలకి చాలినాది, దీనికి చాల్లేదా?"

"మళ్లీ ఇంకోసారి చూద్దాం."

ఆమె కళ్లజోడు తీసి మడిచి పెట్టుకుంది.

మూడు వారాల తర్వాత పాస్‌పోర్టు తిరిగొచ్చింది. వీసా లేదు. ఒక కాగితం ఉంది. సమర్పించిన ప్రయాణ వివరాలు నమ్మదగినవిగా లేవు అని దాని సారాంశం. అప్లికేషనులో రాసిన హోటళ్లకి కాన్సులేటు వాళ్లు ఫోన్ చేసి కనుక్కుని ఉంటారు. ఈ పేరు మీద ఇక్కడ బుకింగు లేదని వాళ్లు చెప్పి ఉంటారు. నిజమే కదా, లేదు. అవన్నీ నేను ఎప్పుడో ఎత్తేశాను. పదిహేడేళ్లు పిల్లల జవాబులు నిజమో అబద్ధమో తేల్చి మార్కులు వేసిన మనిషి, తన మాట నమ్మదగింది కాదన్న కాగితం పట్టుకుని వంటింట్లో నిలబడింది.

"నేనేటి తప్పు రాశానండీ?"

ఇక్కడ నేను నిజం చెప్పవచ్చు. చెప్పలేదు. "ఈమధ్య అందరికీ ఇలాగే చేస్తున్నారు. స్టూడెంట్ల రద్దీ ఎక్కువైంది కదా, ప్రతి ఫైలూ అనుమానంగానే చూస్తున్నారట," అన్నాను. ఆ రోజుల్లో ఏం జరిగినా స్టూడెంట్ల మీదికి తోసెయ్యడం మా వాళ్లందరికీ అలవాటు. బస్సు నిండినా వాళ్లే, గుడిలో పులిహోర అయిపోయినా వాళ్లే. మా బేస్‌మెంటు పిల్ల ఆ పూట మా వంటింట్లోనే కూర్చుని పల్లీలు ఒలుస్తోంది. తలెత్తి నన్ను ఒకసారి చూసి, మళ్లీ ఒలుచుకుంది.

మా మిత్రుడు, ఆయన భార్య ఇద్దరూ కెనడా పౌరులు. వాళ్లని వెళ్లమన్నాం. వెళ్లారు, నా షీటు పట్టుకునే. తిరిగొచ్చాక నలుగురు కలిసిన ఒక విందులో, చేతిలో పళ్లెం పట్టుకుని, అందరి ముందూ అడిగాడు.

"అంతా బాగుంది గానీ గురూగారూ, ఆ సోమవారం మమ్మల్ని వెనక్కి ఎందుకు తోలారండీ? సాల్జ్‌బర్గ్ దాకా వచ్చేశాం. ఇంకో మూడు గంటలు పోతే వియన్నా. మా ఆవిడ కార్లో నన్ను తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టింది. వ్యూ అన్నారు, రోజంతా వాన. వర్షంలో వ్యూ ఏంటండీ?"

చుట్టూ పదిమంది నవ్వారు. పదిమంది నా వైపు చూశారు. ఆరేళ్ల కాఫీ కప్పులన్నీ ఒక్కసారి నా కళ్లముందు వరసకట్టాయి. నోరు దానంతటదే తెరుచుకుంది.

"ఏం చెప్పమంటావు? మా ఆవిడకి వారశూల పట్టింపు. సోమవారం తూర్పుకి పోకూడదంది."

ఆ నవ్వు అంతకుముందు ఎప్పుడూ వినలేదు నేను. అది నా మీద నవ్వు కాదు, నా వైపు నవ్వు. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. మరుసటి విందులో ఇంకొంచెం కలిపాను. ఆ పై విందులో మా ఆవిడ చేతికి దిక్సూచి ఇచ్చాను.

ఆ ఏడు ఉగాదికి హాలు పట్టలేదు. ఎప్పుడూ సగం కుర్చీలు ఖాళీగా ఉండే కమ్యూనిటీ హాలులో గోడల వెంబడి పిల్లలు నిలబడ్డారు. నిర్వాహకులు నా దగ్గరికి వచ్చి, "కుర్రాళ్లకి నచ్చే ఐటమ్ ఒకటి కావాలండీ. మీ వారశూల కథ పది నిమిషాలు చెయ్యండి," అన్నారు. నేను చేశాను. ఒక చేత క్యాలెండరు, ఒక చేత దిక్సూచి పట్టుకుని, ఆమె యాసలో, "ఆగండాగండి! ఇయ్యేల గురువారం! నదిని ఎనక్కి తిప్పమనండి!" అని స్టేజీ ఈ మూల నుంచి ఆ మూలకి పరిగెత్తాను. పిల్లలు కుర్చీలెక్కారు. వందమంది ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. ఆమెకి ఆ శనివారం డ్యూటీ ఉంది. రాలేదు. రాదని తెలిసే చేశాను. ఇదీ రాయాలి కదా.

తర్వాతి బుధవారం సాయంత్రం నేను ఆఫీసు నుంచి వచ్చి కారు దిగుతుంటే బేస్‌మెంటు పిల్ల మెట్ల మీద కూర్చుని ఉంది.

"అంకుల్, మీతోని ఒక మాట."

"చెప్పమ్మా."

"ఇయ్యాల కాలేజ్‌ల ఆంటీ కౌంటర్ కాడ మస్తు లైన్ ఉండె. ఒకడు ఆంటీతోని, 'వారశూల ఆంటీ, ఇయ్యాల వెడ్నెస్ డే, నార్త్ బస్సెక్కొచ్చా?' అన్నడు. అందరు నవ్విన్రు. 'ఎవరు చెప్పారు నాన్నా?' అని అడిగింది ఆంటీ. వాడు వీడియో చూపెట్టిండు."

"చూసిందా?"

"మొత్తం చూసింది. లైన్ అట్లనే ఉంది. చూసినంక ఫోన్ వాని చేతికిచ్చి, 'రెండు చక్కెరలు ఎవరిదమ్మా?' అని కప్పు అందుకుంది." ఆ పిల్ల మెట్టు మీంచి లేచింది. "నేను గూడ ఆ రోజు హాల్ల నవ్విన అంకుల్. నాకు ఎర్క లేకుండె. ఆంటీ మాకు వారం, వర్జ్యం ఎన్నడు చెప్పలే గదా. నేను ఈ ఇంట్ల దిగిన రోజు అమావాస్య. మా అమ్మ ఫోన్ల ఏడుస్తుంటే, 'ఏం కాదు, దింపమ్మా సామాను' అన్నది ఆంటీనే."

లోపలికి వెళ్లాను. ఆమె కొత్తిమీర తుంచుతోంది. వీడియో మాట ఎత్తలేదు.

"ఏవండీ, మంగళారం, బుధారం మీరు కాఫీ కొనుక్కుంటారు కదా. మిగతా రోజులు ఎందుకు కొనుక్కోరు?"

నేను కోటు విప్పుతున్నవాణ్ని ఒక చెయ్యి లోపలే పెట్టి ఆగిపోయాను.

"కారులో కప్పులు తీసేది నేనే కదండీ," అంది. "వారానికి రెండు. ఎప్పుడూ ఆ రెండు రోజులవే. ఆ కొట్టు మనకి దక్షిణం. మీ ఆఫీసు ఉత్తరం. రెడ్ డీర్ దగ్గర కారు జారిన కాణ్ణుంచి."

"నీకు తెలుసా?"

"సోషల్ టీచర్నండీ. దిక్కులు తెలీవా?"

"మరి ఎప్పుడూ అనలేదేం?"

"భయపడే మనిషిని ఏటంటాం? లెక్కలంటే భయపడే పిల్లాణ్ని నేనెప్పుడూ బోర్డు దగ్గరికి పిలవలేదు. వాడికి బెంచీ కాడే చెప్పీదాన్ని." కొత్తిమీర కాడలు ఒకవైపు, ఆకులు ఒకవైపు వేసింది. "మీరు నన్ను హాలంతటి ముందూ నిలబెట్టారు. అది కూడా మీ భయం నా చేతికిచ్చి."

అప్పుడు చెప్పాను. పసుపు వరస, ఎర్ర గడులు, క్యాన్సిల్ చేసిన హోటళ్లు, గురువారం పడిందని తీసేసిన మలుపు. కోటు ఒక చెయ్యికే ఉంది. మొత్తం విని ఆమె అడిగింది ఒక్కటే.

"నది సోమవారం పూట కూడా తూర్పుకే పోతాది కదండీ. దానికేటైనా అయిందా?"

నేను కోటు రెండో చెయ్యి కూడా విప్పుకున్నాను.

"నది సంగతి తర్వాత," అంది. "ముందు ఎంతమందికి చెప్పారో అంతమందికీ నిజం చెప్పండి. నా కౌంటర్‌కి పాతికేళ్ల పిల్లలు కాఫీకి వస్తారు. నన్ను టీచర్ గారూ అని పిలవమని అడగటం లేదు. ఆ పేరు మాత్రం వద్దు."

నిర్వాహకులని అడిగితే మామూలు రోజుల్లో మైకు ఇవ్వలేమన్నారు. మరుసటి ఉగాది దాకా ఆగమన్నారు. ఆ ఏడాదంతా ఆమె కౌంటర్ దగ్గర ఆ పేరుతోనే నిలబడింది. నేను ఒక్కొక్కరికీ విడిగా చెప్పవచ్చు. ఇద్దరికి చెప్పాను. మూడో వాడు నవ్వేసరికి మానేశాను.

మరుసటి ఉగాది వచ్చింది. హాలు ముందటి ఏడు కంటే ఎక్కువ కిక్కిరిసింది. ఈసారి ఆమె మూడో వరసలో కూర్చుంది. నేను మైకు పట్టుకుని, "పోయిన ఏడు నేను చెప్పింది అబద్ధం. వారశూల మా ఆవిడది కాదు, నాది," అన్నాను. హాలు గొల్లుమంది. "నిజంగా నాదే. మంగళవారం నేను దక్షిణం వైపు పోయి కాఫీ కొనుక్కుంటాను," అన్నాను. పిల్లలు బల్లలు చరిచారు. "ఎక్సెల్‌లో ఫార్ములా కూడా రాశాను," అన్నాను. ఒకడు నవ్వలేక కుర్చీ కిందికి జారాడు. నా గొంతు వణికింది. దానికి ఈలలు వేశారు. నేనెంత నిజం చెబితే అంత నవ్వారు. మూడో వరసలో ఆమె నవ్వలేదు. నన్ను చూడటం లేదు కూడా. వెనక్కి తిరిగి నవ్వుతున్నవాళ్లని చూస్తోంది, పరీక్ష హాల్లో కాపలా టీచరు చూసినట్టు.

కిందికి దిగగానే మిత్రుడు కౌగిలించుకున్నాడు. "అదరగొట్టేశారు గురూగారూ! చివర్లో ఆ ఏడుపు గొంతు పెట్టారు చూశారూ, మామూలుగా లేదు. మొదటి పార్టు కంటే ఇదే బాగుంది."

బేస్‌మెంటు పిల్ల దగ్గరికి వచ్చి, "అంకుల్, మీరు నిజం చెప్పిన్రని ఎవ్వలకి అనిపియ్యలే," అంది.

కారులో ఆమె అంది. "నోటితో చెప్తే నవ్వుతారు. రాసివ్వండి."

రాయడానికి నేను ఇంకో ఎనిమిది నెలలు సాగదీశాను. ఈలోపు ఆమె తన పని తను చేసుకుంది. మళ్లీ వీసాకి అప్లై చేసింది. అప్లికేషనులో, ఇంతకుముందు ఎప్పుడైనా వీసా నిరాకరించారా అని ఒక ప్రశ్న ఉంటుంది. ఆమె అవును దగ్గర టిక్కు పెట్టింది. ఇక జీవితాంతం పెట్టాలి. దానితో పాటు తన సొంత ఇంగ్లీషులో ఒక ఉత్తరం జతచేసింది. నాకు చూపించలేదు. ప్రింటరులో మిగిలిపోయిన కాపీ నేను చదివాను. "నా భర్త నాకు చెప్పకుండా బుకింగులు మార్చారు. ఆయన చెడ్డవారు కారు. ఈసారి బుకింగులన్నీ నేనే చేశాను," అని ఉంది. నా గురించి నేను చదివిన ప్రశంసాపత్రాల్లో ఇంత జాగ్రత్తగా రాసింది ఇంకోటి లేదు. వీసా పది రోజుల్లో వచ్చింది.

టిక్కెట్లు తనే కొంది. తూర్పుకి. శనివారం. ఎందుకు శనివారమని నేను అడగలేదు. రెండో గురువారం మలుపు దగ్గర ఉంటాం. నదితో పాటు దక్షిణానికి పోతాం. అదీ అడగలేదు.

రేపే శనివారం. ఈ కాగితాలు పొద్దున ఆమెకిచ్చాను. ఎర్ర పెన్ను పట్టుకుని చదివింది. నది ఎక్కువ భాగం జర్మనీలో అని నేను రాసిన చోట, "మొత్తం నది కాదు, మన ప్రయాణంలో భాగం. నది పది దేశాల్లో పారుతుంది," అని పక్కన రాసింది. నేనా వాక్యం దిద్దలేదు, తప్పు తప్పుగానే ఉండనివ్వండి. చివర్న నేను "ఆమె నన్ను క్షమించింది" అని ఒక వాక్యం పెట్టాను. దాని కింద ఎర్ర గీత గీసి "ఆధారం?" అని రాసింది. ఆ వాక్యం కొట్టేశాను.

అక్కడితో ముగించాలి. కానీ ఇంకొకటి మిగిలింది.

ప్రస్థానం అని ఒకటుంది. మంచి రోజున బయల్దేరడం కుదరకపోతే, అంతకు ముందే దోషం లేని రోజు చూసి మన సామానులో ఏదో ఒకటి ఆ దిక్కున ఉన్న ఇంట్లో పెట్టి వస్తే, ప్రయాణం అప్పుడే మొదలైనట్టు లెక్క. నిన్న గురువారం. గురువారం తూర్పుకి దోషం లేదు. మా తూర్పు పక్కింట్లో ఒక పెద్దాయన ఒంటరిగా ఉంటాడు. నిన్న సాయంత్రం చేతికందిన నీలం సంచి పట్టుకెళ్లి, శనివారం ప్రయాణం, ఇంట్లో చోటు చాలడం లేదు, ఎల్లుండిదాకా ఉంచమని ఇచ్చాను. ఆయన నా భుజం మీదుగా మా రెండంతస్తుల ఇంటిని చూసి, సరే అన్నాడు.

ఇవాళ మధ్యాహ్నం నా భార్య సామాన్లన్నీ తిరగేసి వచ్చింది.

"నా పెన్సిలు మేప్ కనబడట్లేదు. నీలం సంచిలో పెట్టాను. సంచి ఏదండీ?"

చెప్పాను. ఆమె ఎర్ర పెన్ను మూత పెట్టింది.

"ఇయ్యేల ఏ వారం?"

"శుక్రవారం."

"పక్కింటి కాణ్ణుంచి మనిల్లు ఏ దిక్కు?"

"పడమర."

"శుక్రవారం ఏ దిక్కు పనికిరాదు?"

"పడమర."

"వెళ్లి తెండి."

పెద్దాయన సంచి ఇస్తూ, ప్రయాణం రద్దయిందా అని అడిగాడు. లేదన్నాను. ఆయన మెట్ల నుంచి మా గుమ్మం దాకా ముప్పై అడుగులుంటాయి. గుమ్మంలో ఆమె నిలబడి ఉంది. ఎందుకైనా మంచిదని ముందు ఉత్తరంగా ఒక్క అడుగు వేసి, అప్పుడు పడమరకి తిరుగుదామనుకున్నాను. కాలు ఎత్తాను కూడా.

ఆమె చూస్తోంది. ఆ అడుగు ఉత్తరానికి వెయ్యలేదు.